తోడేళ్ళ ఫోటోల్లో ఆ అమ్మాయి

పాలు పొంగేలోపు ఇంకాసిని ఫోటోలు ఏరేయొచ్చని వంటింటి గట్టు మీదే లాప్‌టాప్ తెరిచాను. మా ఆయన కాలేజీలో పాఠాలు చెబుతూ తోడేళ్ళ మీద పరిశోధన చేస్తాడు. అడవి అంచున పెద్ద రోడ్డొకటి రాబోతోంది. తోడేళ్ళు ఎక్కడెక్కడ దాటుతున్నాయో చూపించగలిగితే అక్కడ రోడ్డు కింద వాటికి దారి వదులుతారట. అందుకని చెట్లకు కెమెరాలు కడతారు. ఎదుట ఏది కదిలినా అవి వాటంతటవే ఫోటో తీస్తాయి. గాలికి ఊగిన గడ్డి, దారి తప్పిన మేక, తోక మాత్రమే చిక్కిన తోడేలు, అన్నీ తెచ్చి సంచిలో కూరగాయల్లా నా ముందు కుమ్మరిస్తాడు. ఏరడం నా పని. "నీ కంటికి చిక్కనిది లేదు" అంటాడు. మొదట్లో పొంగిపోయాను. "ఎలాగూ ఖాళీయే కదా" అంటుంది అత్తయ్య. ఖాళీ అంటే వంట, బట్టలు, పిల్ల చదువు, ఆవిడ మందులు అన్నీ అయ్యాక మిగిలేది. మగ తోడేలు పిల్లల తల్లికి తిండి మోసుకొస్తుందని క్లాసులో తెగ మురిసిపోతూ చెప్పే ఈ మనిషి, తను తాగిన కాఫీ కప్పును సింకు దాకా మొయ్యడు.

కెమెరా కట్టాక అది పనిచేస్తోందో లేదో చూడాలి. కట్టినవాళ్ళే దాని ముందు తోడేలంత ఎత్తుకు వంగి, చేతుల మీదా మోకాళ్ళ మీదా పాకుతారు. అందుకే ఏ కెమెరాలోనైనా మొదటి ఫోటో మనిషిదే. కొన్నాళ్ళుగా ఆ మనిషి కొంగ, మా ఆయన దగ్గర పనికి చేరిన అమ్మాయి. పొడుగు కాళ్ళని అడవి పక్క ఊరివాళ్ళు పెట్టిన పేరు. "అక్కా, కొంగని మాట్లాడుతున్నా, సార్ ఉన్నారా?" అంటూ ఫోన్‌లో తనే చెప్పుకుంటుంది. ఫోటోలో మోకాళ్ళ నిండా బురద, జుట్టులో ఆకులు, కెమెరా వైపు నాలుక చాపి ఒక నవ్వు. అది చూస్తే నా కడుపు మండిపోతుంది. అయినా పెద్దది చేసి మరీ చూస్తాను. అరచేతుల కింద ఆకులు తడిగా ఉన్నాయా, వెనక బండ మీద ఎండ ఎంత వాలింది అని చూస్తాను. ఆ పిల్ల వానలో తడిసి జ్వరం తెచ్చుకుందని తెలిసిన రోజున నాకు లోపల హాయిగా అనిపించింది. అంత కుళ్ళు నాది.

ఎందుకంటే అలా ముందు పాకింది నేను. ఇద్దరం ఒకే క్లాసులో చదివాం, పెళ్ళయ్యాక అడవిలో ఒకే గుడారంలో ఉన్నాం. నేను పాకుతుంటే అతను పడీపడీ నవ్వేవాడు. బిడ్డ కడుపులో పడ్డాక, "కాస్త పెద్దదవనీ, వెళ్దువుగాని" అన్నాడు. ఇప్పుడు మా అమ్మాయి తన జడ తనే వేసుకుంటోంది. అడవి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఈ వయసులోనా అంటారని నేనూ ఎత్తలేదు.

మంచినీళ్ళ కోసం వచ్చిన మా ఆయన నా వెనకే ఆగిపోయాడు. తెర నిండా కొంగే ఉంది.

"మళ్ళీ ఆ ఫోటోయేనా? చూడు, నువ్వనుకుంటున్నట్టు మా మధ్య ఏం లేదు."

"నేనేం అనుకుంటున్నాను?"

"ఆ అమ్మాయి పేరెత్తితే చాలు, నీ మొహం మాడిపోతుంది. నాకు తెలీదా?" స్టూలు లాక్కుని, ఏదో త్యాగం చేస్తున్నవాడిలా కూర్చున్నాడు. "నీ మనశ్శాంతి కంటే నాకేదీ ఎక్కువ కాదు. సోమవారం నుంచి రావద్దని చెప్పేస్తాను. వేరే ఎవరినైనా చూసుకుంటా."

అత్తయ్య హాల్లో టీవీ శబ్దం తగ్గించింది. "చెప్పెయ్ నాయనా. సంసారం కంటే తోడేళ్ళెక్కువా?"

నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమేసింది. ఆ నవ్వు ఇక నా వంటింట్లోకి రాదు. దానికి నేను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడమే, అది నాకు బాగా అలవాటైన పని. అతను ఫోన్ తీసి నంబరు వెతుకుతున్నాడు. రేపటి నుంచి ఆ పిల్ల తన తప్పేమిటో తెలియక కొట్టుకుంటుంది. ఆడపిల్లకి అడవి పనెందుకని మేం ముందే చెప్పామంటారు వాళ్ళింట్లోవాళ్ళు. ఆ తర్వాత సంగతి నాకు తెలుసు. నాలాగే ఎవరింట్లోనో కూర్చుని, ఇంకెవరివో ఫోటోలు ఏరుతుంది.

"ఫోన్ పక్కన పెట్టు" అన్నాను.

"అదేంటి? నీకోసమే కదా..."

"నాకు కుళ్ళే. కాదనను. కాకపోతే అది నీకోసమని నువ్వెలా అనుకున్నావు?"

అతనికి అర్థం కాలేదు. పాపం, అడవి జంతువు ఎటు కదిలినా ఎందుకు కదిలిందో చెప్పే మనిషి.

"మరి దేనికోసం?"

"ఆ పిల్ల ఉన్న చోటు కోసం. ఆమెను మానిపించకు. సోమవారం ఆమెతో నేను వెళ్తాను, ఇంట్లో నువ్వుండు."