ఇంటికాడ ఉండేటోడు

నా భార్య వందనకు సైన్యంలో నర్సు ఉద్యోగం వచ్చింది. చేరగానే లెఫ్టినెంటు. నేనేమో మిర్యాలగూడ రైసుమిల్లులో సూపర్‌వైజర్ని, లారీ డ్రైవర్లు కూడా నన్ను లెక్కచేయరు. ఇది అసూయ అనుకుంటే అనుకోండి. అసలు సంగతి భయం. ఆమెను ఏ సరిహద్దులో వేస్తారో తెలియదు. మా పూర్ణిమకు నాలుగేళ్లు. దానికి నేను ఒక్కసారి జడ వేస్తే బడి నుంచి టీచర్ ఫోన్ చేసి, ఇంట్లో అంతా బాగేనా అని అడిగింది.

చేరేదీ లేనిదీ రేపటిలోగా చెప్పాలి. వద్దని నా నోటితో అంటే చెడ్డవాణ్ణవుతాను. అందుకే తెలివిగా వేములపల్లి నుంచి మా అమ్మ బుచ్చమ్మను మిర్యాలగూడలోని మా ఇంటికి పిలిపించాను. అత్త కాదంటే కోడలు ఆగుతుంది, నా చేతికి మట్టి అంటదు.

అమ్మ చంకలో మూటతో దిగింది. చాయ్ తాగుతూ అంతా విన్నది.

"ఏడాదికి ఎన్ని దినాలు ఇంటికొస్తవ్ బిడ్డా?"

"రెండు నెలలు సెలవు ఉంటుందంటున్నారు అత్తమ్మా," అంది వందన. వాళ్లది కోదాడ, మాట మెత్తగా ఉంటుంది.

"రెండు నెల్లా? మీ మామ గొర్ల మందతోని కృష్ణ దాటి పోతే వానలు పడేదాక మొఖం కనపడకపోయేది. గాయన్ని లెఫ్టినెంటని గూడ ఎవ్వరనలే."

వందన నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

"అమ్మా, నాయన మగోడు."

"గా ముచ్చట గొర్లకెవరు చెప్పలే," అంటూ అమ్మ మూట విప్పింది. లోపల నాయన గొంగడి. ఇంకేముంది, కోడలికి కప్పి సాగనంపుతుంది అనుకున్నాను. తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టింది.

"మందతోని పొయ్యేటోళ్లకు ఇంటికాడ ఉండేటోళ్లే కప్పాలె నాగేష్. కప్పకుంటే పోవద్దు. ఏటేటా నేనే కప్పిన. నువ్వు కడుపుల ఉన్నప్పుడు ఒక్క ఏడు కప్పలే. మీ నాయన పోలే. నా పక్కనే కూసున్నడు గని సూపంతా తొవ్వ మీదనే. గసుంటోన్ని పక్కన పెట్టుకొని ఏం జేస్కోను? మల్ల ఏడు నేనే పిలిచి కప్పిన. ఇగ నీ ఇష్టం."

చెడ్డవాణ్ణయ్యే పని తిరిగి నా ఒళ్లోకే వచ్చింది. వందన వైపు చూశాను. ఆమె నన్ను బతిమాలలేదు. కిటికీలోంచి రోడ్డు కేసి చూస్తోంది. కప్పకపోతే ఒక్క మాటా అనకుండా ఆగిపోతుంది, నాకు తెలుసు. జీవితాంతం అలా రోడ్డు కేసి చూసే మనిషితో ఎలా ఉండాలో మాత్రం తెలియలేదు.

లేచి గొంగడి ఆమె భుజాల మీద కప్పాను. బయట ఏప్రిల్ ఎండ మాడ్చేస్తోంది.

"ఒక మాటనాలె," అంది అమ్మ. "ఇంటికాడ నేనున్న అని."

అన్నాను. సగంలో ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

వందన కళ్లు తుడుచుకుంది. "ఉక్కపోస్తోందండీ," అంది కానీ గొంగడి తీయలేదు. "మరి చిన్నదానికి జడలెవరు వేస్తారు?"

"ఇంటికాడ నేనున్న," అన్నాను, ఈసారి ఎవరూ చెప్పకుండానే.

పూర్ణిమ రెండు చేతులతో జుట్టు గట్టిగా పట్టుకుని, పోయి నానమ్మ వెనక నిలబడింది.