పీట మీద పెట్టిన తీగ

నేను ఒక ఒంటి తలుపు ఫ్రిజ్‌ని. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో, నా ఒంటికి నీలం రంగు వేసిన చేతులు ఎవరివో నాకు తెలియదు. మా జాతికి జ్ఞాపకం మొదలయ్యేది ప్లగ్గు పెట్టిన రోజునుంచే. నాకు ప్లగ్గు పెట్టింది గాజువాకలో పైడమ్మ. ఇడ్లీ పిండి రుబ్బి, నాలో దాచి, వీధిలో అమ్మి ఇల్లు నడిపిన మనిషి. ఆవిడ భర్త గౌరినాయుడు కరెంటు పనివాడు. పని బాగా వచ్చు. తప్పు ఒప్పుకోవడమే రాదు.

ఎవరో హోటలాయన సొంతంగా బీరు తయారుచేయిద్దామనుకుంటున్నాడని గౌరినాయుడు విన్నాడు. రుచి చూపించి మెప్పిస్తే నెలజీతం ఉద్యోగం. బీరు సరిగ్గా పులియాలంటే అటు వేడీ ఇటు చలీ ముదరకూడదట. ఆయన కన్ను నా మీద పడింది.

"మరి పిండి ఎక్కడెట్టీది మావా?" అంది పైడమ్మ.

"ఉద్దోగమొచ్చాక ఇంకా పిండేటే నీకు?"

ఆవిడ పిండి మానేసింది. ఆయన నా అరలు పీకేశాడు. పని మాత్రం ముచ్చటగా చేశాడు, కాదనను. నా మీటను పూర్తి చలికి తిప్పేసి, నెత్తిన ఒక కంట్రోలర్ బిగించాడు. నా ప్లగ్గు దానికే, వెచ్చదనం కోసం రేకుడబ్బాలో పెట్టిన బల్బూ దానికే. వేడిని కనిపెట్టే సన్నటి తీగను తలుపు సందులోంచి దించి బీరు డబ్బాకు అంటించాడు. వేడెక్కిందని తీగ చెబితే నేను తిరగాలి, చల్లబడిందంటే బల్బు వెలగాలి. ఇక నాకు సొంత బుద్ధి లేదు.

బీరు బుడగలు వేస్తూ పులుస్తుండగా ఆయుధపూజ వచ్చింది. టెస్టరు, కటింగ్ ప్లేయరు పీట మీద పేర్చి, "అన్నం పెట్టీది ఇదే గదా" అంటూ ఆ తీగనూ బయటికి లాగి, పీట మీద ఉంచి బొట్టు పెట్టాడు. రెండో కొస నా నెత్తినే ఉంది.

"ఆ తీగ లోపలుండాల గదా మావా? చలెక్కువైతే పిండే పులవదు."

"కరెంటు పని నాకు నేర్పుతావేటి? పూజలో ఎట్టింది పండగెల్లేదాకా కదపకూడదు. ముట్టుకున్నావంటే ఊరుకోను!"

ఆవిడ ముట్టుకోలేదు. ఇల్లు తాళం వేసి ఇద్దరూ పండక్కి అనకాపల్లి వెళ్లారు. ఉక్కపోసే గదిలో, దేవుడి ముందు కూర్చుని, తీగ వేడి వేడి అంటూనే ఉంది. నేను ఆగకుండా తిరుగుతూనే ఉన్నాను.

తిరిగొచ్చేసరికి బీరు గడ్డకట్టి డబ్బా పగిలింది. హోటలాయన వచ్చి, చూసి, ఒక నవ్వు నవ్వి వెళ్లిపోయాడు. గౌరినాయుడు పీటవైపు చూశాడు. గబగబా తీగ మీది కుంకుమ తుడిచేశాడు. తర్వాత నన్ను కాలితో తన్నాడు.

"డొక్కు ఫ్రిజ్జు! నట్టేట ముంచీసింది. దీన్ని కొన్నదాన్ననాల!"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు వీధంతా అదే చెప్పుకొచ్చాడు. చల్లటి కడుపే అయినా మండింది నాకు. పైడమ్మ దగ్గర పిండి కొనేవాళ్లు అప్పటికే మరో ఇంటికి అలవాటుపడ్డారు.

తుక్కు సామాన్లవాడు వచ్చి, ప్లగ్గు పెట్టి, లోపల చెయ్యి పెట్టి చూశాడు.

"బాగానే పంజేస్తంది గదమ్మా. ఏం తప్పు చేసిందని అమ్మేత్తన్నారు?"

గుమ్మంలో ఉన్న గౌరినాయుడు తల తిప్పుకున్నాడు. పైడమ్మ నా తలుపు మీద చెయ్యేసింది.

"ఎలా చెప్తే అలా చేసింది బాబూ. అదే దాని తప్పు. నాదీ అదే."

నన్ను బండెక్కించారు. ఆవిడ ఆ ఇంట్లోనే ఉండిపోయింది.