ఎడమ పక్క లక్ష్మణమ్మ

శ్రీకాకుళంలో ఏ ఫ్లెక్సీ షాపుకైనా వెళ్లండి, పెళ్లికైనా చావుకైనా అవే ఫాంట్లు. నేను పనిచేసే షాపులోనూ అంతే. చూసి చూసి విసుగెత్తి నేనే ఒకటి గీశాను. లావుగా, ఇరుకుగా, కుడికి వాలి, పరుగందుకోబోతున్నట్టు ఉంటుంది. క్ష కింద మ ఒత్తుని ఆ ఇరుకులో కూర్చోబెట్టేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

మా అయ్య ఎర్రన్నకి అదంతా కుర్చీలో కూర్చుని చేసే కాలక్షేపం. కళింగపట్నంలో పుట్టి వల ముట్టని గుంటనని ఎత్తిపొడుస్తాడు. అందుకే కొత్త బోటుకి అమ్మ పేరు పెడతానన్నప్పుడు, ఆ పేరు నేనే వేస్తానని మొండికేశాను. బోటు నంబరుకీ ముందరి ముక్కుకీ మధ్య ఉన్న కాస్త చోటులో 'లక్ష్మణమ్మ' అని పెద్దగా పట్టాలంటే నా ఇరుకు అక్షరాలే దిక్కు. అవి బోటు మీద నిలిస్తే నేను చేసేది కూడా పనేనని ఆయన ఒప్పుకోవాలి. నాకు కావలసింది అంతే.

బోటు దింపే రోజు పొద్దున్నే రెండు పక్కలా పేరు స్టిక్కర్లు అంటించాను. గంగమ్మకి పూజ అయింది. తొయ్యడానికి అందరూ చేతులు వేశారు. మా యుగంధర్ బావ ఎడమ పక్కకి వెళ్లి ఆగిపోయాడు.

"మావా, ఇటొచ్చి సూడు. ఈ పక్క పేరు ఎనక్కి వాలిపోతన్నాది."

నిజమే. కుడి పక్క అక్షరాలు ముక్కు వైపు, అంటే సముద్రం వైపు వాలాయి. ఎడమ పక్క అవే అక్షరాలు ఇంజను వైపు, ఊరి వైపు వాలాయి. ఏ పక్కన రాసినా అక్షరం కుడికే కదా వాలేది! స్క్రీన్ మీద ఇది నాకు తట్టనే లేదు. స్క్రీన్‌కి ముందూ వెనకా ఉండవు మరి.

"ఏటే ఇది? బోటు సముద్రంలోకి ఎల్తంటే పేరు ఊళ్లోకి లాగతాదా?" అయ్య మండిపడ్డాడు.

"బస్సుల మీదా ఇలాగే ఉంటాది. ఏ బస్సు ఎనక్కి పోయింది?" అన్నాను.

"బస్సుకి గంగమ్మతో పని లేదు. పీకీండ్రా! పెయింటర్ జగన్నాధం వచ్చి బ్రష్షుతో నిటారుగా రాస్తాడు."

తొయ్యడానికి వచ్చినవాళ్లు చేతులు తీసేశారు. బావ ఊరుకోడుగా, "ఈ పక్కకి ఎడమకి వాల్చి ఇంకోటి తీయకూడదేటే?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. తలకట్టు కుడికి లేచే అక్షరాన్ని ఎడమకి వాలిస్తే చూడగలమా?

"మా అమ్మ పేరుని ఎల్లకిలా పడీమంటావా బావా?" అని అరిచాను.

అయ్య అప్పటికే స్టిక్కరు అంచుని గోటితో లేపుతున్నాడు. అందరి ముందూ నన్నే పీకేస్తున్నట్టు సిగ్గేసింది.

పూజ పళ్లెం పక్కన పెట్టి అమ్మ వచ్చింది. అమ్మకి చదువు రాదు. అయ్య చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇదెటు సూస్తన్నాదే?" అని నన్నడిగింది.

"ఊరికేసి."

"ఆ పక్కదో?"

"సముద్రంకేసి."

"మరింకేటి గొడవ?" అని అయ్య వైపు తిరిగింది. "మా అన్న సూరయ్యని ఎల్లమన్నోళ్లే గానీ రమ్మన్నోళ్లు లేకపోయారు. తుపాన్లో పోయాడు. నేను రోజూ సేసేదేటి? పొద్దున్న నిన్ను ఎల్లమంటాను, ఎల్లినకాడి నుంచీ రమ్మంటాను. నా పేరూ అదే సేస్తన్నాది. పీకితే రెండు పక్కలా పీకీ."

అయ్య అమ్మ చేతిలోంచి తన చెయ్యి విడిపించుకున్నాడు. తను లేపిన అంచుని బొటనవేలితో అదిమాడు. అది అంటుకోలేదు. మళ్లీ అదిమి, నా మీద గయ్యిమన్నాడు.

"జిగురు తేలేదేటే? పని సేయడానికొచ్చినోళ్లు సామాను ఎంట తెచ్చుకోవద్దా?"

ఏడుపొచ్చేసింది నాకు. "తెచ్చాను అయ్యా" అంటూ ఇసకలో పడి నా సంచీ కోసం పరుగెత్తాను.