ఏడో చోటు

మా బావ సంగీతంలో ఒక స్వరం ఎందుకు లేదన్న దాని మీద లావుపాటి పుస్తకాలు వచ్చాయి. నన్నడిగి ఉంటే ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. తప్పు నాది. తాపీ మేస్త్రిని సంగీతం గురించి ఎవరడుగుతారు?

బావ జాజ్ బ్యాండులో ట్రాంబోన్ వాయిస్తాడు, పాటలు కడతాడు. ట్రాంబోన్‌కి మీటలూ బెజ్జాలూ ఉండవు. పొడుగాటి జారుడు గొట్టం ఉంటుంది. దాన్ని ముందుకు తోసి ఏడు చోట్ల ఆపితే ఏడు రకాలుగా పలుకుతుంది. ఏడో చోటుకి చెయ్యి పూర్తిగా చాపాలి. పెళ్లయిన కొత్తలో బావ బ్యాండుతో ఊళ్లు తిరుగుతూ నాకు కబురు పెట్టాడు. ఉన్న ఒక్క గదికీ అడ్డగోడ కట్టి, అటు అక్కకి వంటిల్లు, ఇటు తనకి వాయించుకునే చోటు చెయ్యమన్నాడు. కూర్చుని చెయ్యి చాపినంత మేర ఉంటే చాలన్నాడు. నేను కుర్చీ వేసుకుని కూర్చుని, చెయ్యి చాపి కొలిచి, గోడ లేపేశాను. చాపింది నా చెయ్యి. బావ ఆరడుగుల మనిషి, నేను ఆయన భుజానికి కూడా రాను.

ఊరి నుంచి వచ్చి వాయిస్తే, ఆరో చోటు దాటగానే గొట్టం గోడకి తగిలి టప్‌మంది. బావ నా వంక చూశాడు. అప్పటికే అవతల అక్క ఆ గోడకి అలమరలు కొట్టించి సీసాలు సర్దేసింది. వెనక్కి జరుగుదామంటే మంచం, పక్కకి తిరుగుదామంటే తలుపు. కిటికీలోంచి ఒకసారి ప్రయత్నించాడు గానీ, గొట్టం చివర కారే ఉమ్మినీళ్లు మేడ కింద పోతున్న పోస్ట్‌మాన్ నెత్తిన పడి పెద్ద రభస అయింది. గోడ సంగతి తర్వాత చూద్దాం లెమ్మన్నాడు బావ. అలా నలభై ఏళ్లు గడిచాయి.

గదిలో పలకనిది కాగితం మీద పెట్టనని ఆయనకో మొండిపట్టు. రెండొందల పదకొండు పాటలు కట్టాడు, ఒక్కదాంట్లోనూ ఏడో చోటు లేదు. బ్యాండులోనూ తన పాటలే వాయించేవాడు. ఒక పాట మాత్రం పూర్తి కాకుండా ఉండిపోయింది. అది అక్క కోసం కట్టింది. దాని చివర ఏడో చోటు స్వరమే రావాలి, ఇంకోటి పెడితే అబద్ధమవుతుందనేవాడు. అక్క అలిగినప్పుడల్లా ఆ పాట ఎత్తుకునేవాడు. చివరికొచ్చేసరికి ఇవతల టప్, అవతల సీసాలు గలగల. అక్క చాలా ఏళ్లు ఆ పాట అలాగే ముగుస్తుందనుకుంది.

అలాంటి సమయంలో సంగీతం ప్రొఫెసరొకడు దాపురించాడు. బావ పాటల్లో ఒక స్వరం లేదని కనిపెట్టి, అది మాటలకందని దుఃఖమని రాశాడు. గోడ అడ్డమండీ అని బావ నెత్తీ నోరూ కొట్టుకుంటే, కళ్లు తుడుచుకుని, మనుషుల మధ్య ఉండే గోడ గురించి ఇంకో పుస్తకం వేశాడు. సంగీత కళాశాలలో విద్యార్థుల మోచేతులకి గుడ్డపట్టీలు బిగించి నేర్పడం మొదలెట్టారు. ఒక కంపెనీ జానెడు తగ్గించిన గొట్టంతో ట్రాంబోన్లు చేసి బావ పేరు పెట్టింది. జనం ఇంటికొచ్చి గోడ మీద పడిన గుంట ముందు తలలు వంచేవాళ్లు. సున్నం వెయ్యడానికి వీల్లేదన్నారు. నాలుగంగుళాల గోడ, ఒక పక్కకి ఒరిగింది కూడా. నా పనితనానికి నాకే సిగ్గేస్తుంటే, దానికి అద్దం బిగించారు.

పోయిన నెల పళ్ల డాక్టరు బావ ముందు పళ్లు వదులైపోయాయని, పదిహేనో తారీకున పీకేస్తానని చెప్పాడు. అవి లేకపోతే ట్రాంబోన్ పెదవి మీద నిలవదు. బావ ఫోను చేసి సుత్తి పట్టుకుని రమ్మన్నాడు. ఆ పాట ఒక్కసారన్నా అక్కకి చివరిదాకా వినిపించి తీరాలన్నాడు.

నేను వెళ్లేసరికి గోడకి అడ్డంగా ప్రొఫెసరూ శిష్యులూ బైఠాయించి ఉన్నారు. గోడని ముట్టుకోకూడదన్న కోర్టు ఆర్డరు కాగితం నా మొహాన పెట్టారు. కట్టింది నేనేనయ్యా అంటే, భక్తిగా ఒక పుస్తకం తెరిచి సంతకం చెయ్యమన్నారు. తిట్టాలనుకుని సంతకం చేసి వచ్చాను.

ఇక మిగిలింది పద్నాలుగో తారీకున బావకి హాల్లో చేస్తున్న సన్మానం. బావ అక్కడే వాయిస్తానన్నాడు.

"ఆ హాలు నువ్వు కట్టలేదు కదా," అన్నాడు నాతో.

వేదిక మీద బావ ముందు పదడుగుల ఖాళీ ఉంది. అక్కా నేనూ మొదటి వరసలో కూర్చున్నాం. ప్రొఫెసరు లేని స్వరం గురించి ముప్పావుగంట మాట్లాడాడు. బావ ఆ పాట అందుకున్నాడు. చివరికొచ్చి, గుండెనిండా ఊపిరి పీల్చుకుని, గొట్టం ముందుకు తోశాడు. అది ఆరో చోటు దగ్గర ఆగిపోయింది.

ఎదురుగా ఏమీ లేదు. నలభై ఏళ్లు అంతవరకే చాపిన మోచెయ్యి బిగుసుకుపోయింది. మళ్లీ తోశాడు. మొహం కందగడ్డయింది గానీ చెయ్యి సాగలేదు.

హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇదే ఆ మహామౌనమని ప్రొఫెసరు వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. బావ చేతిని పాడుచేసింది నేను, ఆ సంగతి ఆ హాల్లో మా ముగ్గురికే తెలుసు.

అక్క లేచింది. చేతిసంచి నా ఒళ్లో పడేసి, వేదిక మెట్లెక్కి, బావ కుడిచేతిని గొట్టం మీంచి తీసేసింది. గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని ముందుకు లాగింది.

"ఊదండి," అంది.

బావ ఊదాడు. బొంగురుగా, కాస్త అపశ్రుతిగా, అడుగునుంచి లేచింది ఆ స్వరం. నా కుర్చీ అదిరింది. చప్పట్లు ఆగిపోయాయి. ప్రొఫెసరు కూలబడ్డాడు. అక్క కళ్లు మూసుకుని, అదురుతున్న గొట్టాన్ని గట్టిగా పట్టుకుని నిలబడింది.

ఊపిరి అయిపోయి బావ ఆపేశాడు. వెనకనుంచి ఎవరో అది తప్పు స్వరమని అరిచారు. అక్క అటు చూడలేదు, గొట్టమూ వదల్లేదు.

"రేపట్నుంచి ఎలాగూ వాయించేది లేదు," అంది బావతో. "ఇంకోసారి ఊదండి."