కారడం వేరు, ఇంకడం వేరు

గంట కాగానే సూది ముంచి, గాజుగిన్నె అడుగునున్న నీళ్లు కాసిని లాగింది. అలాంటి గిన్నెలు ఆరు జతలు. ఒక్కో జత నడుమ, ఆపరేషన్లో తీసేసిన మనిషి చర్మం పలుచగా బిగించి ఉంది. పైన నొప్పుల లేపనం, కింద ఉప్పునీళ్లు. మందు ఎంత దిగిందో గంటగంటకూ కొలవాలి. మందుల ల్యాబులో ముప్పై ఒక్కేళ్లుగా అదే పని. అందరికీ ఆమె గంటలక్క. ఇవాళ ఐదింటితో ఉద్యోగం సరి.

అంకెలు చూసి సూపర్‌వైజరు ముఖం వెలిగింది.

"ఎంత బాగా ఇంకుతోందో! రాసేయండక్కా, రిపోర్టు సాయంత్రమే పంపాలి."

గంటలక్క ఒక చర్మం ముక్క విప్పి దీపానికి అడ్డంగా పట్టింది. సూదిమొనంత చిల్లులు.

"కారడం వేరు, ఇంకడం వేరు తల్లీ. మళ్లీ పెడతాను."

"ఇవాళ మీ వీడ్కోలు కదా..."

"దాని దారి దానిదే."

వేరే చర్మం తీసి, ప్రతి ముక్కనూ వెలుతురులో పరీక్షించి, పన్నెండింటికి మొదలుపెట్టింది. మోకాళ్లు సలుపుతున్నా గంటగంటకూ లేచింది.

పెళ్లి కాకముందు, మంచంపట్టిన అమ్మకు రెండేళ్లు లేపనం రుద్దింది. నొప్పి తగ్గలేదు. తన చెయ్యే మంచిది కాదేమో, సరిగా రుద్దలేదేమోనని కుమిలిపోయింది. ఈ ఉద్యోగంలో చేరిన మూడో నెలలో అదే లేపనం కొలిచింది. చర్మం దాటి చుక్కైనా దిగలేదు. ఆ రోజు బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఏ అంకెనూ ఊరికే నమ్మలేదు.

నాలుగింటికి అందరూ చప్పట్లు కొట్టి శాలువా కప్పారు. ఆ శాలువాతోనే వచ్చి నాలుగో విడత నీళ్లు తీసింది. ఐదు దాటింది. ఆరింటికి చివరి విడత కొలిచి, కాగితం సూపర్‌వైజరు చేతిలో పెట్టింది.

"దాదాపు ఏమీ దిగలేదక్కా," అందామె నీరసంగా.

"అవును. అలాగే రాయి. లేకపోతే ఎవరో ఒక పిల్ల తన చేతిని తిట్టుకుంటుంది."

సూపర్‌వైజరు కలం తీసి సంతకం పెట్టింది.

గంటలక్క చేతులు కడుక్కుని, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. తలుపు వెనక కొక్కేనికి ఆమె తెల్లకోటు వేలాడుతోంది. మోచేతి దగ్గర చిరుగును నీలిదారంతో దగ్గరదగ్గరగా కుట్టిన కుట్లు.