ఒంటికాలి గజ్జెలు

మా బాగోతంలో ఏ వేషం తీరు దానిదే. మంత్రి ఆలోచిస్తాడు, కోపం తెచ్చుకోడు. రాక్షసుడు కోపం తెచ్చుకుంటాడు, ఆలోచించడు. మంత్రి ముఖానికి పసుపుపచ్చని అర్దళం పూత, రాక్షసుని ముఖానికి ఎర్రని ఇంగిలీకం. మంత్రి మెల్లగా నడిచి వస్తాడు, రాక్షసుడు గజ్జెలు ఘల్లుమనిపిస్తూ దూకుతాడు. చివరికి రాజు చేతిలో చస్తాడు. పడిపోయిన రాక్షసుని నోట్లో రాజే నీళ్లు పోసి, "లే నాయనా, ఆట అయిపోయింది" అని చెయ్యిచ్చి లేపాలి. అప్పుడే మంగళం పాడతాం. ఆ నీళ్లు తాగనిదే రాక్షసుడు రంగు కడుక్కోడు, ఇంటికి పోడు. తాతల నాటి పద్ధతి. పద్ధతి తప్పితే నేను ఊరుకోను. ఈ రామచంద్రం నోరు మంచిది కాదని సుల్తానాబాద్ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

మా మేళంలో రాక్షసుడు పర్శరాములు. వేషం తీస్తే మేకపిల్లే. పగలంతా జగపతిరావు దొర షెడ్డులో బట్ట నేసే కరెంటు సాంచె నడిపేవాడు. అతని పెండ్లాం నర్మద నా అన్న బిడ్డ, అదే షెడ్డులో నూలు కండెలు చుట్టేది. సాంచె తిప్పే పట్టా మీద చెక్క మూత ఉండాలి. పట్టా జారినప్పుడల్లా మూత తీసి పెట్టడానికి పొద్దు పోతోందని దొర మూతలన్నీ తీయించేశాడు. ఎండాకాలంలో ఒకనాడు నర్మద కొంగు పట్టాలో పడింది. మనిషి దక్కలేదు.

"ఆడిది కొంగు సూసుకోవద్దా?" అన్నాడు దొర. పోలీసులూ అదే రాసుకుని పోయారు. మెల్లమెల్లగా ఊరు కూడా అదే అనసాగింది. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల చచ్చింది చాలదని తప్పు కూడా దానిదే అయింది.

నర్మద దినాలు అయ్యాక పర్శరాములు మా ఇంటికి వచ్చాడు.

"మామా, నాకో కొత్త వేషం గట్టియ్యి. రాక్షసుని కోపముండాలె, మంత్రి తెలివుండాలె."

"రెండు ఒక్క కుండల ఉడుకుతయారా?"

"ఉడుకుతున్నయి మామా," అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఉత్త కోపంతోని పోతే దొర నన్ను పిచ్చోడంటడు. ఉత్త తెలివితోని పోతే జర ఆగుమంటడు, ఏండ్లు గడుపుతడు. రెండు గల్సినోన్ని ఏమంటడో సూడాలె. నర్మద తప్పు లేదని నలుగుట్ల తేలాలె. గంతే."

ఆ వానకాలమంతా వేషం కట్టాం. మొదట ముఖం సగం పసుపు, సగం ఎరుపు పూశాను. హాస్యగాడిలా కనబడ్డాడు, కడిగేశాను. చివరికి ముఖమంతా పసుపు, కనురెప్పలు మాత్రం ఎరుపు. కళ్లు మూసినప్పుడే కోపం బయటపడుతుంది. గజ్జెలు కుడికాలికి మాత్రమే కట్టాం. ఎడమకాలు తెలివి, కుడికాలు కోపం. ఎడమకాలు నేలకు తాటించి ప్రశ్న అడుగుతాడు. మూడు ప్రశ్నలు. మూడింటికీ జవాబు వచ్చి తప్పు తేలేదాకా కుడికాలు కదలకూడదు, గజ్జె మోగకూడదు. ఆ వేషానికి తర్కాసురుడని పేరు పెట్టాను. కథ కూడా నేనే అల్లాను. రథం వేగంగా పోవాలని ఒక రాజు చక్రం మీది మూత తీయిస్తాడు, అందులో కొంగు పడి పూలమ్మే ఆడది చస్తుంది.

అంతా కుదిరింది గానీ ఒక్కటి కుదరలేదు.

"సివర్ల నిన్నెట్ల సంపాలెరా?" అని అడిగాను.

"గీసారి నేను సావ."

"సావని రాక్షసునికి మంగళమెట్ల పాడుతర్రా? నీళ్లెట్ల పోసుడు?"

"ఇన్నేండ్ల సంది ఆటాటకు సస్తనే ఉన్న మామా. తప్పు రాజుదైతే నేనెందుకు సావాలె?"

కసిరాను, తిట్టాను. వినలేదు. చివరి ఘట్టం కట్టకుండానే వదిలేశాను.

దసరా వెళ్లాక దొర తన కొత్త షెడ్డు పూజకు మా ఆటే పెట్టించాడు. ఆ రోజుల్లో పొద్దుగూకాక జనం గుమిగూడితే పోలీసులు ఊరుకునేవారు కాదు, అందుకని పట్టపగలే ఆట. దొర ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రాజు వేషం నాది.

వేషం ముందు పట్టిన తెర దించారు. దూకుడు లేదు, అరుపు లేదు. పర్శరాములు ఎడమకాలు తాటించాడు.

"రాజా, ఈ రథము నీదియేనా?"

"నాదియే."

"చక్రముపై మూత యుండెనా?"

"తొల్లి యుండెను."

"దానిని తీయించిన వారెవరు?"

జనం తలలు దొర వైపు తిరిగాయి. నేను నోరు తెరిచేలోపే దొర మనిషి కొత్త ధోతుల జత పైకెత్తి పట్టుకుని మా మధ్యకు వచ్చేశాడు. చదివింపు! చదివింపు వస్తే ఎంతటి యుద్ధమైనా ఆగాలి. వేషగాడు ఇచ్చినవాణ్ణి దీవించాలి, ఇచ్చినవాడు లేచి చేతులు జోడించాలి, జనం తథాస్తు అనాలి. కాదంటే ఆ ఊళ్లో ఇక మేళం కాలు పెట్టదు. దొర మా పద్ధతితోనే మా నోరు కట్టేశాడు. పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను.

పర్శరాములు ధోతులు కళ్లకద్దుకున్నాడు. దొర నవ్వుతూ లేచి చేతులు జోడించాడు.

"జగపతిరావు దొర ఇల్లు సల్లగుండాలె. వాళ్ల సాంచెలు ఆగకుంట నడువాలె. వాళ్ల పట్టాల మీది మూతలు ఎవ్వలు తీయించకుండాలె. వాళ్లింటి ఆడిబిడ్డల కొంగు ఏ పట్టాల పడకుండాలె. పడి పానం పోయినా, తప్పు నీదే అనెటోడు వాళ్లకు దొరకకుండాలె. నా నర్మదకు దొరికినట్టు దొరకకుండాలె."

అందులో తిట్టు ఒక్కటి లేదు, అంతా దీవెనే. జోడించిన చేతులు దొర ఎలా దించుతాడు? ఆడవాళ్లలోంచి నా భార్య అనసూర్య ముందుగా "తథాస్తు" అంది. ఆ తర్వాత ఊరంతా అంది.

దొర కుర్చీ తన్నేసి వెళ్లిపోయాడు. భయపడి జనమూ జారుకున్నారు. వారం తిరక్కుండానే కొత్త షెడ్డులో పట్టాలన్నిటికీ మూతలు పడ్డాయి, పర్శరాములుకు మాత్రం ఏ షెడ్డులోనూ పని పుట్టలేదు. అది తర్వాతి మాట.

ఆ పూట పందిట్లో మేమిద్దరమే మిగిలాం.

"గెలిసినవురా. నర్మద తప్పు లేదని ఊరు ఊరంత ఒప్పుకున్నది," అన్నాను.

అతను కదల్లేదు. మూడో ప్రశ్నకు జవాబు రాలేదు కదా, కుడికాలు నేలకు ఆనించే ఉంచాడు. ఒక్క గజ్జెనూ మోగనివ్వడం లేదు. నాకు భయమేసింది. చెంబుతో నీళ్లు తెచ్చాను.

"తాగు నాయనా. ఆట అయిపోయింది."

"నేను పడలే గద మామా. పడనోనికి నీళ్లెట్ల పోస్తవు?"

"ఏం గాదు, తాగు."

"ఎప్పుడైతే పడంగనే కోపం పోతుండె. లేసి ఇంటికి పోతుంటి, నర్మద అన్నం పెడుతుండె. గియ్యాల పోతలేదు మామా, లోపల్నే ఉన్నది." చెంబు నా వైపే నెట్టాడు. "ఇప్పుడు నన్నెవలు సంపుతరు?"

నా నడుముకు రాజుగారి చెక్క కత్తి ఉంది. చెంబు కింద పెట్టి కత్తి దూశాను. పర్శరాములు మెడ వంచి కళ్లు మూసుకున్నాడు. ఎర్రని రెప్పలు కనబడ్డాయి. ఒక్క దెబ్బ, ఉత్తుత్తి దెబ్బ వేస్తే చాలు, పడతాడు, నీళ్లు తాగుతాడు, ఇంటికి పోతాడు. ఎన్నో ఆటల్లో చంపిన మనిషే.

చెయ్యి లేవలేదు. అతని తప్పు లేనప్పుడు ఎట్లా కొట్టను?