తవుడు కుండలో దొరికిన ఉలి

"తాడు ఒకే తీరుగా లాగు మే. మనసు యాడ పెట్టుకోనుండావు?"

వరదరాజులు ఈ మాట రోజూ అంటాడు. పెళ్ళయిన కొత్తలో అన్నాడు, అరచేతిలో బొబ్బలు చిట్లినప్పుడు అన్నాడు, జ్వరంతో ఒళ్ళు తూలుతున్నప్పుడూ అన్నాడు. రెడ్డెమ్మకు అది తిట్టులా వినపడటం ఎప్పుడో మానేసింది. ఇరుసు కిర్రుమనే చప్పుడులో అదీ ఒక భాగం. కానీ ఈ పొద్దు ఆ మాట ఆమెను కుదిపింది. ఎందుకంటే ఈ పొద్దు ఆమె మనసు నిజంగానే తాడు మీద లేదు. మొగుడి చేతిలో ఉన్న ఉలి మీద ఉంది. ఆ ఉలి ఆమె చేసింది. అందులో పగులుంది. ఆ సంగతి ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

పుంగనూరులో వాళ్ళ ఇంటి పంచలోనే కొయ్యను తిప్పి చెక్కే తరిమెన ఉంది. రెండు గుంజల మధ్య ఇరుసు, ఇరుసు కొసకు బిగించిన పాలకొయ్య ముక్క, ఇరుసుకు చుట్టిన తాడు. ఒకవైపు వరదరాజులు ఉలి పట్టుకుని కూర్చుంటాడు. ఎదురుగా రెడ్డెమ్మ తాడు రెండు కొసలూ పట్టుకుని ఒకసారి కుడిచేత్తో, ఒకసారి ఎడమచేత్తో లాగుతుంది. ఆమె లాగితేనే కొయ్య తిరుగుతుంది. మదనపల్లెలో కరెంటుతో తిరిగే తరిమెనలు వచ్చాయని జనం చెప్పుకుంటున్న రోజులవి. "మాకేంటికప్పా, మా యింట్లో కరెంటు సంగటి తింటాది," అని వరదరాజులు అంగట్లో అంటే అందరూ నవ్వారు. రెడ్డెమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక, తానెందుకు నవ్విందా అని చాలాసేపు ఆలోచించింది.

చపాతీ కర్రలు, కవ్వాలు, ఉయ్యాల గుబ్బలు, ఇవీ వాళ్ళు చేసేవి. మదనపల్లె అంగడి జయచంద్ర కుంకుమ భరిణెలు కావాలన్నాడు. సన్నటి మూతి, లోపల బోలు. వరదరాజులు ఉలులు వెడల్పువి, అతని నాయన కాలం నాటివి. అవి ఆ మూతిలో దూరవు. "అది మన పని కాదులేప్పా," అని చెప్పి వచ్చేశాడు. ఎదురుగా కూర్చుని ఇన్నేళ్ళు ఉలి కొయ్యను కోయడం చూసిన రెడ్డెమ్మకు మాత్రం ఆ పనికి ఏం కావాలో కళ్ళ ముందు కనిపించింది. వేలంత లావు గుండ్రటి ఉక్కు కడ్డీ, కొస గోరులా ఉండాలి. ఆమె చెప్పలేదు. ఒకసారి, "ఉలి రవ్వంత కిందికి వంచితే బాగుంటాదేమో," అంది. "తాడు లాగేదానికి తాడు సాలు," అన్నాడు. ఆ మాటలో కోపం కూడా లేదు. కోపం ఉంటే బాగుండేది, దేనికో ఒకదానికి ఆమె అడ్డం వచ్చినట్టయినా ఉండేది.

కవ్వాలు అమ్మడానికి పోయినప్పుడు బస్టాండు దగ్గర అంజినప్ప వెల్డింగు షెడ్డు ముందు అరిగిపోయిన డ్రిల్ బిట్లు మట్టిలో పడి ఉండటం చూసింది. ఒంగి నాలుగు ఏరుకుంది.

"ఏం జేసుకుంటావమ్మా వాటిని? పదును సచ్చినాయి," అన్నాడు అంజినప్ప.

"పిల్లోళ్ళు ఆడుకుంటారని."

వాళ్ళింట్లో పిల్లలు లేరు. అంత సులభంగా అబద్ధం ఎలా వచ్చిందో తనకే తెలియలేదు. ఇంటిదాకా వాటిని కొంగులో మూటగా అదిమి పట్టుకుని నడిచింది, ఆ ఇనప ముక్కల కంటే పెద్దది ఏదో దొంగిలించినట్టు.

ఆమె పుట్టిల్లు సదుం దగ్గర. నాయన కొలిమి పెట్టి గడ్డపారలు, మడకల కర్రులు కాచేవాడు. ఇనుమంటే కాల్చాలి, కొట్టాలి, నీళ్ళలో ముంచాలి. ఆమెకు తెలిసిన విద్య అదే. వరదరాజులు సంతకు పోయిన మధ్యాహ్నం, అత్త కృష్ణమ్మ నిద్రపోతుండగా, పొయ్యిలో బొగ్గుల మీద బిట్టు పెట్టి ఊదుగొట్టంతో ఊదింది. ఎర్రబడ్డాక రోకలితో కొస చదును చేసి, అలవాటు చొప్పున చెంబులో నీళ్ళలో ముంచింది. చుయ్యిమన్న చప్పుడు వెనకే ఇంకో చప్పుడు వచ్చింది. టిక్, అని. కొలిమి ముందు పెరిగిన ఆమెకు ఆ చప్పుడు తెలుసు. గోరుతో తడిమితే అంగుళం కింద తలవెంట్రుకంత గీత తగిలింది. అది కర్రుల ఇనుము కాదు, వేరే ఉక్కు. నీళ్ళను ఓర్వదు.

రెండోదాన్ని పొయ్యిలో పెట్టలేదు. సానరాయి మీద అరగదీసింది. వేడెక్కితే పక్కన పెట్టి, దానంతటదే చల్లారేదాకా బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఎన్ని మధ్యాహ్నాలు పట్టిందో లెక్కపెట్టుకోలేదు. మెలికల వైపు విరిగిన చపాతీ కర్రలోకి దిగగొట్టి, నున్నటి వైపు బయటికి ఉంచితే పనిముట్టయింది. తాడు లాగే మనిషి లేడు కాబట్టి వెదురు బద్దకు నారతాడు కట్టి విల్లులా చేసుకుంది. ఒక చేత్తో విల్లు ఆడిస్తూ, ఇంకో చేత్తో ఉలి పట్టి, కాలి బొటనవేలితో దాన్ని ఆనించి ఒక భరిణె తీసింది. లోపల వేలు పెట్టి చూసింది. నున్నగా ఉంది. దాన్ని కొంగులో పట్టుకుని కాసేపు కూర్చుని, ఆ తర్వాత పొయ్యిలో వేసింది. ఆ పూట సంగటి ఆ భరిణెతోనే ఉడికింది. అలాగే ఇంకో మూడు నాలుగు తీసింది, అన్నీ కాల్చేసింది. మంచి ఉలిని రుబ్బురోలు కింద దాచింది. పగిలినదాన్ని పారేయలేకపోయింది. తన చేత్తో చేసిన మొదటిది. దానికి కూడా పదును పెట్టి, పిడి వేసి, అటక మీద చనిపోయిన మామ పాత గొడుగు కొసనున్న ఇత్తడి పొన్ను ఊడదీసి పిడికి బిగించి, తవుడు కుండలో అడుగున పెట్టింది.

ఎందుకంత దాపరికమంటే, ఆ ఇంట్లో ఆడది ఉలి ముట్టకూడదు. కాపురానికి వచ్చిన మొదటి ఏడు వానొస్తుంటే పంచలో తడుస్తున్న ఉలిని తీసి లోపల పెట్టింది. వరదరాజులు అరవలేదు, కొట్టలేదు. దాన్ని పసుపునీళ్ళతో కడిగి పెట్టెలో పెట్టి, ఆయుధపూజ దాకా బయటికి తీయలేదు. అన్నాళ్ళూ ఆమెతో మాట్లాడలేదు. కృష్ణమ్మ ద్వారా మాట్లాడాడు. "ఆమెను నీళ్ళు పెట్టమను మా." ఒకే గదిలో, చేతికందే దూరంలో ఉండి, ఆమెను. ఆ నెలల్లో రెడ్డెమ్మ తన గొంతు తానే మరిచిపోతున్నట్టయి, ఆవుతో మాట్లాడేది. దెబ్బలైతే మానేవి. ఆ మౌనం ఇంకా ఆమె లోపల ఎక్కడో కూర్చునే ఉంది. అతను గొంతు సవరించుకుంటే చాలు, మళ్ళీ మొదలవుతుందేమోనని ఉన్నచోటే ఆగిపోతుంది.

ఈ పొద్దున ఆమె నీళ్ళకు పోయినప్పుడు కృష్ణమ్మ ఆవుకు తవుడు తీయబోయి ఉలి బయటికి లాగింది. రెడ్డెమ్మ బిందెతో వాకిట్లోకి వచ్చేసరికి తల్లీ కొడుకూ దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూస్తున్నారు.

"సూడు నాయనా, ఇది మీ నాయన గొడుగు పొన్నే. ఆయన సేతి పనే ఇది," అంటోంది కృష్ణమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"నాయన కాకపోతే ఇంకెవురు సేస్తారు మా ఇంత సొగసుగా," అన్నాడు వరదరాజులు. "భరిణెలకనే సేసి పెట్టుకోనుండాడు. మనకు సెప్పకనే పోయినాడు."

బిందె దించడం మరిచిపోయి నిలబడింది రెడ్డెమ్మ. ముందు భయం వేసింది, తర్వాత సిగ్గుపడాల్సినంత సంతోషం వేసింది, తర్వాత మళ్ళీ భయం. అతను దాన్ని కళ్ళకద్దుకున్నాడు. "దా మే, తాడు పట్టు," అన్నాడు.

ఇప్పుడు ఆ ఉలి కొయ్య లోపల ఉంది. మొదట్లో వెన్నలో దిగినట్టు దిగింది. "బలే కోస్తాండాది," అన్నాడు తల ఎత్తకుండానే. లోపల కనపడక మొహం కొయ్యకు జానెడు దూరానికి వంచాడు. లోతుకు పోయేకొద్దీ ఉలి కొయ్యకు తగులుకుని అదరడం మొదలైంది. అది అతని చేతికంటే ముందు రెడ్డెమ్మ అరచేతులకు తెలుస్తోంది. తాడు గుండా వస్తుంది ఆ అదురు. ప్రతి అదురుకూ ఆ వెంట్రుకంత గీత ఇంకొంచెం తెరుచుకుంటుందని ఆమెకు తెలుసు. మెల్లగా లాగింది.

"గట్టిగా లాగు. తిన్నది యాడికి పోతాండాది?"

చెప్పాలి. పగులుందని చెబితే, నీకెట్లా తెలుసంటాడు. నేను చేశానంటే, మీ నాయన కాదు అన్నట్టే. అత్త తుడుచుకున్న కన్నీళ్ళు, అతను కళ్ళకద్దుకోవడం, అన్నీ తన మీదికి తిరుగుతాయి. ఆ తర్వాత ఆయుధపూజ దాకా, లేదా ఆ పైన కూడా, "ఆమెను". చేతులు మాత్రం లాగుతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళ అలవాటు, అవి ఆమెను అడగవు.

వరదరాజులు చిన్నాయన గంగులప్ప గుర్తొచ్చాడు. ఉలి విరిగి ముక్క ఎగిరి కన్ను పోయినవాడు, రెండో కన్నూ మసకబారినవాడు. పెళ్ళిళ్ళకు వస్తే భార్య చెయ్యి పట్టుకుని నడుస్తాడు. ఆమె కూర్చోమన్న చోట కూర్చుంటాడు, ఆమె పెట్టింది తింటాడు. రెడ్డెమ్మకు ఆ చోట వరదరాజులు కనిపించాడు. కళ్ళకు గుడ్డ కట్టుకుని, చెయ్యి చాచి, "రెడ్డెమ్మా, యాడుండావు?" అంటున్నాడు. పేరు పెట్టి. తరిమెన ముందు అతని చోటు ఖాళీగా ఉంది. ఉలుల పెట్టె తాళం ఆమె కొంగున ఉంది.

ఆ బొమ్మ ఎంతసేపు ఉందో తెలియదు. అందులో ఆమె ఏడవడం లేదు. ఆ సంగతి ఆమె గమనించింది. ఇన్నేళ్ళూ అతని మౌనానికి భయపడింది, అత్త చూపుకు భయపడింది, గొంతు సవరించే చప్పుడుకు భయపడింది. తనను చూసి తాను ఎప్పుడూ భయపడలేదు. ఇప్పుడు తన రెండు చేతులు, నల్లగా కాయలు కాసిన చేతులు, తాడును అంతకుముందుకంటే గట్టిగా లాగుతున్నాయి. అతను చెప్పాడనా? లేక వాటికే కావాలనా? ఏదో ఆమె తేల్చుకోలేకపోయింది. తాడులో ఇంకో అదురు వచ్చింది, ఈసారి పదునుగా. అతని కనుబొమ మీద కొయ్యపొడి రేణువులు కనిపించాయి.

తాడు వదిలేసింది.

ఇరుసు సగం తిరిగి ఆగింది. కృష్ణమ్మ చేట పట్టుకుని గడపలోకి వచ్చింది.

"యాల వదిలినావు?" అన్నాడు వరదరాజులు.

"దాంట్లో పగులుండాది."

"నీకెట్ల తెలుసు?"

రెడ్డెమ్మ అరచేతులు కొంగుకు తుడుచుకుంది. "నేనే సేసినాను. కాల్చి నీళ్ళల్లో ముంచినాను. ఆ ఉక్కును ముంచకూడదని అప్పుడు తెలీదు."

అతను ఆమె వైపు చూడలేదు. ఉలిని బయటికి తీసి, కొస గుంజకు ఆనించి పిడి మీద రవ్వంత బలం వేశాడు. టిక్ మంది. తెగిన ముక్క ఎగిరి అతని చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలి, కొయ్యపొట్టులో పడింది. వరదరాజులు చెయ్యి దానంతటదే పైకి లేచి కంటిని తడుముకుంది. పిడి ఇంకో చేతిలోనే ఉంది, ఇత్తడి పొన్నుతో సహా.

"ఆడది ముట్టిన ఉలి," అంది కృష్ణమ్మ.

వరదరాజులు గొంతు సవరించుకున్నాడు. ఈసారి రెడ్డెమ్మ ఆగిపోలేదు, లేచి లోపలికి పోయింది. రుబ్బురోలు పక్కకు జరిపి రెండో ఉలి తెచ్చింది.

"దీన్ని ముంచలేదు. రాయి మీదనే అరగదీసినాను."

అతను పీట మీంచి లేచి చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. కిందపడిన తాడు కొసలు తీసి ఆ చాచిన చేతిలో పెట్టింది. ఎందుకో తెలియకుండానే అతను పట్టుకున్నాడు, ఎవరైనా ఏదైనా ఇస్తే పట్టుకున్నట్టు. రెడ్డెమ్మ అతన్ని దాటుకుని అవతలి వైపుకు పోయి, అతని వెచ్చదనం ఇంకా ఆరని పీట మీద కూర్చుంది. ఉలి కొసను సగం బోలైన కొయ్య మూతికి ఆనించింది. బొటనవేలితో అదిమి పట్టింది.

తాడు ఇంకా కదల్లేదు. ఆమె తల ఎత్తకుండా అంది.

"ఒకే తీరుగా లాగు."